ఆ యంత్రస్త్రీ లోపల ఉన్నదెవరు?

ప్రశ్న: ఈమధ్య ‘మెట్రోపోలిస్’ అనే పాత జర్మన్ మూకీ చిత్రం చూశాను. అందులోని యంత్రస్త్రీని నిజంగా లోహంతోనే చేశారా? అది ఇప్పుడు ఎక్కడైనా ఉందా? తర్వాతి సినిమాల మీద దాని ప్రభావం ఎంత?
— ఒక పాఠకురాలు, వడపళని, చెన్నై

జవాబు: లోహం కాదండీ. 1927 జనవరిలో బెర్లిన్‌లో విడుదలైన ఈ ఫ్రిట్జ్ లాంగ్ చిత్రం కోసం ఆ రూపాన్ని మలచినవారు శిల్పి వాల్టర్ షుల్జే-మిట్టెన్‌డార్ఫ్. రాగిరేకుతో చెయ్యాలన్న తొలి ఆలోచనను, అంత బరువుతో నటి కదలలేదని విరమించుకొని, గాలి తగిలితే గట్టిపడి ఆపైన కర్రలాగే చెక్కడానికి వీలయ్యే ‘ప్లాస్టిక్ వుడ్’ అనే ముద్దను ఆయన ఎంచుకున్నారు. నటి బ్రిగిట్టె హెల్మ్ శరీరానికి నిలువెత్తు ప్లాస్టర్ అచ్చు తీసి, ఆ ముద్దను చపాతీ పిండిలా పల్చగా వత్తి అచ్చు మీద పరిచి, గట్టిపడ్డాక చెక్కి, నునుపు చేసి, వెండిరంగు పూత స్ప్రే చేశారు. కోడంబాక్కంలో సెట్లకు ప్లాస్టర్ అచ్చులు పోసే పనివారిని మీరు చూసి ఉంటే, ఈ పద్ధతి మీకు పరాయిదనిపించదు. ఆ కవచంలో ఉన్నది హెల్మే. కథానాయిక మరియగా, మరియ ముఖం దాల్చిన యంత్రంగా కూడా నటించినది ఆమే. అది ఆమె తొలి చిత్రమని తెలిస్తే ఆ నటన మీద గౌరవం రెట్టింపవుతుంది.

అయితే కథలో ఆ యంత్రం ఎందుకు పుట్టిందన్నది చాలాకాలం ప్రేక్షకులకు సరిగా అందలేదు. శాస్త్రవేత్త రోట్‌వాంగ్ ప్రేమించిన హెల్, నగరాధిపతి ఫ్రెడర్సన్‌ను పెళ్లాడి, కొడుకును కని కన్నుమూసింది. ఆమెను తిరిగి పొందాలన్న తపనతోనే రోట్‌వాంగ్ యంత్రాన్ని నిర్మిస్తాడు. అమెరికా ప్రదర్శనల కోసం చిత్రాన్ని కుదించినప్పుడు ఈ భాగాన్ని తీసేయడంతో, పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి కాస్తా వట్టి దుష్ట శాస్త్రవేత్తగా మిగిలాడు. 2008లో బ్యూనస్ ఎయిరెస్‌లో దాదాపు సంపూర్ణమైన ప్రతి దొరికి, 2010లో పునరుద్ధరించిన చిత్రం ప్రదర్శితమయ్యాకనే ఆ లోటు చాలావరకు తీరింది. మీరు చూసినది రెండున్నర గంటలకు దగ్గరగా ఉంటే అది ఈ ప్రతే. కాకపోతే దీన్ని తప్పక వెతికి చూడండి.

ఇక ప్రభావం. 1977 నాటి ‘స్టార్ వార్స్’లోని బంగారురంగు రోబో సీ-త్రీపీఓకు చిత్రకారుడు రాల్ఫ్ మెక్‌క్వారీ గీసిన తొలి చిత్రాల్లో ఈ యంత్రస్త్రీ పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. రూపం కన్నా లోతైన వారసత్వం మరొకటి ఉందని నా అభిప్రాయం: ఎదుట ఉన్నది మనిషో, ఆ మనిషి ముఖం తొడుక్కున్న యంత్రమో తెలియక జనం మోసపోవడం. చెన్నై పరిశ్రమ 2010లో తీసిన ‘రోబో’లో యంత్రానికి దాన్ని సృష్టించినవాడి ముఖమే ఉండటంతో ఆ పాత భయం మన తెర మీదికీ వచ్చింది.

అసలు కవచం మాత్రం మిగలలేదు. మ్యూజియాల్లో కనిపించేవన్నీ తర్వాత చేసిన నకళ్లే.