ఎప్పుడు వెళ్లినా అదే సముద్రమా?

ప్రశ్న: మా ఇంటి నుంచి సముద్రతీరానికి నడిచే వెళ్లవచ్చు. రెండు వారాలకొకసారి, ఆదివారం సాయంత్రం ఐదింటికి నేనూ మా ఆవిడా వెళ్లి కాసేపు కూర్చుని వస్తాం. ఎప్పుడు చూసినా అదే ఇసుక, అవే అలలు. బంధువులు ఎక్కడెక్కడి తీరాల ఫోటోలో పంపిస్తుంటే మాది వెలవెలబోతుంది. మీరేమో ఇంటి దగ్గరి సముద్రాన్ని తెగ పొగుడుతుంటారు. అందులో అంతగా చూడడానికి ఏముంది? – ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: అయ్యా, మీ జబ్బుకు కారణం మీ ఉత్తరంలోనే ఉంది: ‘రెండు వారాలకొకసారి, ఐదింటికి’.

చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందువల్ల పోటు వేళ రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. వారానికి ఎంతయిందో లెక్కేయండి. దాదాపు ఆరు గంటలు! అంటే ఈ ఆదివారం ఐదింటికి నీరు పూర్తిగా పైకి వచ్చి ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకు పూర్తిగా వెనక్కి తీసి ఉంటుంది. ఆ పై ఆదివారానికి కథ మళ్లీ మొదటికి వస్తుంది. మీరు వెళ్లేది సరిగ్గా ఆ పై ఆదివారమే. అరగంటో ముప్పావు గంటో తేడా ఉంటుంది గాని, అది కంటికి ఆనదు. మీ తీరానికి రెండు ముఖాలుంటే, నెలల తరబడి ఒక్కదాన్నే చూసి విసుగు తెచ్చుకున్నారు.

కాబట్టి ఈసారి మధ్యలో మీరు వదిలేసే ఆదివారం వెళ్లండి. కూర్చోవద్దు, నడవండి. నా మోకాళ్ల సంగతి ఈ శీర్షిక చదివేవారందరికీ తెలిసిందే. నేనే నడుస్తున్నాను, మీకేం?

మీరు వెళ్లిన వేళ ఆటు అయితే, నీరు తీసిన మేర తడి ఇసుక కనిపిస్తుంది. వేడి ప్రాంతాల తీరమైతే దాని మీద ఆవగింజల కన్నా కాస్త పెద్దవి, ఇసుక ఉండలు వందలకొద్దీ పరిచి ఉండవచ్చు. ఒక్కో చిన్న బొరియ చుట్టూ కిరణాల్లా వరుసలు తీరి ఉంటాయి. అవి బుల్లి పీతల పని. పీత ఇసుకను నోట్లో వేసుకుని, రేణువులకు అంటిన ఆహారాన్ని తినేసి, మిగిలిన ఇసుకను ఉండ చేసి పక్కన పెడుతుంది. పోటు రాగానే ఈ ముగ్గంతా చెరిగిపోతుంది. మళ్లీ నీరు తీయగానే అది మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఇంత ఓపిక నాకుంటే ఈ శీర్షిక గడువుకు ముందే పూర్తయ్యేది.

నడుస్తూ ఆలిచిప్పలు ఏరండి. కొన్నింటికి దారం గుచ్చుకోవడానికి చేసినంత నున్నగా, గుండ్రంగా రంధ్రం ఉంటుంది. అది హత్య జరిగిన గుర్తు. వేటాడే నత్త జాతులు కొన్ని ఆలిచిప్పను పట్టుకుని, ఆమ్లంతో పెంకును మెత్తబరుస్తూ, గరుకైన నాలుకతో తొలిచి, లోపలి జీవిని తినేస్తాయి. చిన్నప్పుడు నేను అలాంటివే ఏరి దండలు గుచ్చాను. ఇంటికి తెచ్చుకునేవి ఖాళీవో కాదో మాత్రం చూసుకోండి. శంఖంలో సన్యాసి పీత కాపురం ఉండవచ్చు.

ఇక అలలు. ‘అవే అలలు’ అన్నారు, అది నేను ఒప్పుకోను. చేతి గడియారం చూస్తూ ఒక అల విరిగినప్పటి నుంచి పదకొండో అల విరిగే దాకా ఎన్ని సెకన్లయిందో చూసి, పదితో భాగించండి. నాలుగైదు సెకన్లు వస్తే అవి ఆ దగ్గరి గాలికి పుట్టినవి. పన్నెండు, పదిహేను వస్తే చాలా దూరంలో ఎక్కడో లేచిన తుఫాను నుంచి బయలుదేరినవి. 1963లో వాల్టర్ మంక్ అనే సముద్ర శాస్త్రవేత్త, ఆయన బృందం దక్షిణ మహాసముద్రపు తుఫానుల్లో పుట్టిన అలలను పసిఫిక్ పొడవునా వెంబడించారు. అవి 10,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అలాస్కా చేరాయి. మీ బంధువులు ఫోటోలు పంపిన తీరాల వైపు నుంచే ఏదో ఒక అల మీ కాళ్ల దగ్గరికి వస్తుండవచ్చు, ఎవరు చూశారు?

పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు మామూలు కన్నా ఎక్కువ పైకి వచ్చి, ఎక్కువ వెనక్కి తీస్తుంది. ఒక చోట ఈ పెద్ద ఆటు ఎప్పుడు వచ్చినా ఇంచుమించు అదే గంటకు వస్తుంది. మీ తీరంలో ఆ గంట ఏదో కనిపెట్టారంటే సగం పని అయిపోయినట్టే. దూరం నుంచి వచ్చిన యాత్రికుడికి ఈ సౌకర్యం లేదు. అతను సెలవు దొరికిన రోజున, బస్సు దింపిన వేళకు ఏది కనిపిస్తే అది చూసి పోతాడు. తుఫానుల కాలంలో పెద్ద అలలు ఒడ్డు ఇసుకను లాక్కుపోయి లోపల తిప్పలుగా పోయడం, నెమ్మదైన రోజుల్లో చిన్న అలలు దాన్ని తిరిగి తెచ్చివ్వడం అతనికి ఎలా తెలుస్తుంది? అది పక్కనే ఉండేవారికి చెందిన దృశ్యం. ఒకే చోట నిలబడి నెలకొక ఫోటో తీసి, ఏడాది తిరిగాక మీ బంధువులకు పంపండి. కాస్త అసూయ పడనివ్వండి.

ప్రశ్న: తడి ఇసుక మీద అడుగు వేస్తే పాదం చుట్టూ ఇసుక తెల్లగా ఆరిపోతుంది. నొక్కితే నీరు పైకి రావాలి కదా? – ఏడో తరగతి విద్యార్థిని

జవాబు: శభాష్! పెద్దవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది. దీనికి 1885లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త జవాబు చెప్పాడు. అలలు ఇసుక రేణువులను ఒకదాని సందులో ఒకటి ఇమిడేలా సర్దిపెడతాయి. నీ అడుగు ఆ సర్దుబాటును చెడగొడుతుంది. రేణువులు ఒకదాని మీదికొకటి ఎక్కి, మధ్య ఖాళీలు పెరుగుతాయి. పైనున్న నీరు ఆ ఖాళీల్లోకి దిగుతుంది కాబట్టి పైభాగం ఆరినట్టు కనిపిస్తుంది. కాసేపు కదలకుండా నిలబడు, చుట్టుపక్కల నుంచి నీరు చేరి మళ్లీ తడుస్తుంది. అప్పుడు కాలు తీసి చూడు, అడుగు నిండా నీరు నిలిచి ఉంటుంది.

ప్రశ్న: మా దగ్గరి తీరంలో ఒక చోట అలలు విరగవు, నీరు ప్రశాంతంగా ఉంటుంది. పిల్లల్ని అక్కడ దింపవచ్చా? – ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: వద్దమ్మా. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం ముదురు రంగులో నిమ్మళంగా కనిపిస్తే, ఒడ్డుకు చేరిన నీరంతా వెనక్కి పరుగెత్తే దారి అదే కావచ్చు. అక్కడి ఒరవడి ఈత వచ్చినవారిని కూడా లోపలికి లాగేస్తుంది. ఎవరైనా అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకూడదు. నీటి మీద తేలుతూ, చెయ్యెత్తి సాయం కోసం పిలవాలి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక అలలు విరిగే చోటు మీదుగా ఒడ్డుకు రావాలి. ‘మాకు అలవాటైన తీరమే’ అనుకోవద్దు. లోపలి ఇసుక తిప్పలు కదిలినప్పుడల్లా ఈ దారులూ చోటు మారుతాయి. రక్షకులు కాపలా ఉండే చోటే పిల్లల్ని దింపండి. దింపినప్పుడు ఫోను సంచిలో పెట్టేయండి.