సంప్రదాయ కుమ్మరులు తమ మెళకువలు బయటివాళ్లకు ఎందుకు చెప్పరు?

ఈ ప్రశ్న అడిగినాయన ఆరు నెలలుగా హైదరాబాద్‌లో కుండలు చేయడం నేర్చుకుంటున్నానని రాశారు. రెండు ఊళ్లకు వెళ్లి, సారె (కుండలు చేసే చక్రం) దగ్గర కూర్చున్న పెద్దవాళ్లను అడిగితే "అందులో ఏముంది బాబూ, చేస్తూ ఉంటే అదే వస్తుంది" అని మాట దాటేశారట. మేం కుమ్మరులం. నేను పుట్టింది ప్రకాశం జిల్లాలో. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఉంటూ మట్టి మీదే బతుకుతున్నాను. అందుకని ఈ మాటకు జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. వాళ్లు మాట దాటేయలేదండీ. వాళ్లకు తెలిసింది నిజంగానే అంతే. మీరు అడగాల్సిన మనిషి ఆ ఇంట్లోనే, బహుశా మీకు మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

మా ఇంట్లో సారె తిప్పింది నాన్న. మట్టి చూసింది మాత్రం నానమ్మ, అమ్మ, పెళ్లయి వెళ్లేదాకా మేనత్త. చెరువు మట్టి బండిలో వచ్చాక ఎండబెట్టడం, గడ్డలు కొట్టడం, గుంటలో నానేయడం, తొక్కడం, వేళ్లతో రాళ్లు ఏరడం, ఇసుక ఎంత పడుతుందో బూడిద ఎంత పడుతుందో చూడటం, అన్నీ వాళ్లే. నాన్న చేతికి వచ్చేసరికి అది ముద్దయి ఉండేది. కుండ అడుగును లోపల గుండు రాయి పెట్టి బయట చెక్కతో కొట్టి మూసేది నాన్నే, కానీ "ఇంకా పచ్చిగా ఉంది, పొద్దు వాలాక కొట్టు" అని చెప్పేది నానమ్మ. ఆవంలో, అంటే కుండలు కాల్చే చోట, వాటిని పేర్చాక పిడకలు, గడ్డి ఎంత వేయాలో కూడా ఆమె మాటే.

ఇంత చేసినా ఆడవాళ్లు సారె ముట్టకూడదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి ఎవరూ లేరని చేత్తో తిప్పి చూశాను. నానమ్మ వీపు మీద గట్టిగా ఒకటి వేసింది. ఈ కట్టుబాటు మా ఒక్క ఊరిదే కాదు, దేశంలో చాలా చోట్ల కుమ్మరి ఇళ్లల్లో ఉంది. మణిపూర్‌లోని ఆండ్రో ఊళ్లో మాత్రం కుండలు చేసేదే ఆడవాళ్లు, అదీ సారె లేకుండా. అంటే ఇది మట్టి పెట్టిన నియమం కాదు, మనుషులు పెట్టుకున్నది. దీనివల్ల జరిగిన నష్టమేంటంటే, బయటి నుంచి ఎవరు వచ్చినా, ఆఫీసరైనా, ఫోటోలు తీసేవాళ్లైనా, మీలాంటి విద్యార్థులైనా, సారె మీద కూర్చున్న మనిషినే కుమ్మరి అనుకుంటారు. ఆయన్నే అడుగుతారు. ఆయన చేతిలో ఉన్నది మాటల్లోకి రాదు. మాటల్లోకి వచ్చేదంతా మట్టి గుంట దగ్గర ఉంటుంది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

నేను సారె నేర్చుకుంది ఊళ్లో కాదు, పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో. మా టీచర్ నేర్చుకుంది పుదుచ్చేరిలోని గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన చోటు అది. మన దేశంలో స్టూడియో కుండల పని చేసేవాళ్లలో చాలామంది అక్కడ శిక్షణ పొందినవాళ్లే. ఆవిడ ఏదీ దాచుకోకుండా చెప్పేది. కులం అడగలేదు, ఆడమగా చూడలేదు. నాకు సారె ఇచ్చింది ఆవిడే, ఆ రుణం తీరేది కాదు.

తర్వాత సొంతంగా చిన్న కరెంటు బట్టీ పెట్టుకున్నాను. మొదటి మూడేళ్లూ దగ్గర్లోని చెరువు మట్టే వాడాను. తర్వాత ఆ చెరువు ఒక పక్క నుంచి ప్లాట్లుగా మారుతూ వచ్చింది. ఇప్పుడు అక్కడ గేటు, కాపలా మనిషి ఉన్నారు. మట్టి కోసం వెళితే దొంగను చూసినట్టు చూస్తారు. దాని గురించి రాస్తే ఇక ఆగను, వదిలేస్తున్నాను. అదే సమయంలో కార్తీక మాసానికి ఒక దుకాణం వాళ్లు ఎనిమిది వందల ప్రమిదలు కావాలన్నారు. మా పుట్టింటి వైపు నుంచి ఒక ట్రాక్టర్ మట్టి తెప్పించాను. మంచి జిగురు మట్టి, నల్లగా, వెన్నలా ఉంది. సారె మీద చెయ్యి పెడితే చాలు, చెప్పినట్టు వింది. 950 డిగ్రీలకు కాల్చాను. బట్టీ తెరిస్తే ఒక్కటి కూడా పగల్లేదు, ఎర్రగా దానిమ్మ గింజల్లా ఉన్నాయి. నాన్న ఉంటే చూపించేదాన్ని అనుకున్నాను.

నాలుగో రోజు దుకాణం నుంచి ఫోన్. ప్రమిదల మీద పెచ్చులు లేస్తున్నాయట. పరుగున వెళ్లి చూశాను. ఒక్కో ప్రమిద మీద రెండు మూడు చోట్ల, గోటితో గిల్లినట్టు, గుండ్రటి పెచ్చు ఊడి ఉంది. ప్రతి గుంట మధ్యలో తెల్లటి చుక్క. కొనుక్కెళ్లిన వాళ్లు అందరిలాగే రాత్రి నీళ్లలో నానేశారు, నూనె పీల్చకుండా ఉండటానికి. తెల్లారేసరికి కొన్ని రెండు ముక్కలయ్యాయి. దుకాణమాయన నలుగురి ముందు ఇవి చేతకాని పనులన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇంకో నాలుగు వందలు ఇవ్వాలి, వారమే టైమ్, ఒకటే టెన్షన్.

అన్నయ్యకు ఫోన్ చేస్తే "నాన్న చేసినప్పుడు ఇట్లా ఎప్పుడూ రాలేదే" అన్నాడు. టీచర్ ఊళ్లో లేరు. చివరికి ఏడుపు ఆపుకోలేక మేనత్తకు చేశాను. అడగడానికి కాదు, చెప్పుకోవడానికి. ఆమెకు డెబ్బై దాటాయి, జీవితంలో ఒక్కసారి కూడా సారె మీద కూర్చోలేదు. నేను చెప్పింది మొత్తం విని అడిగింది: "ఏందే పిల్లా, ఆ మట్టి మీద నిమ్మకాయ పిండి చూశావా?"

పిండాను. పొడి మట్టిలో నుంచి చిన్న తెల్ల పలుకు ఒకటి ఏరి దాని మీద చుక్క వేస్తే సన్నగా నురుగు కట్టింది. "సున్నపు పలుకులే అవి. మన వైపు రేగడి కింద మట్టిలో ఉంటాయి. మీ నానమ్మా నేనూ వేళ్లు పుండ్లు పడేలా ఏరేవాళ్లం. నువ్వు ఏరకుండా తొక్కి ఉంటావు" అంది. నిజమే, నేను జల్లించలేదు, నానేసి మట్టి పిసికే మిషన్లో వేశాను. మరి నాన్న కుండల్లోనూ ఒకటో అరో మిగిలి ఉంటాయి కదా, అవెందుకు పెచ్చులు లేవలేదంటే, "మీ బట్టీకి కోపం ఎక్కువ. మన ఆవానికి అంత లేదు" అంది.

ఆ ఒక్క మాటలో మొత్తం రసాయన శాస్త్రం ఉంది. సున్నపురాయి పలుకు వేడి 800 దాటే కొద్దీ కాలి పొడిసున్నం అవుతుంది. సంక్రాంతికి గోడలకు సున్నం కొట్టేటప్పుడు నీళ్లు పోస్తే ఎలా కుతకుతలాడి ఉబ్బుతుందో చూశారు కదా, ప్రమిద లోపల అదే జరుగుతుంది. గాల్లో తేమ చాలు, పలుకు ఉబ్బి పైనున్న మట్టిని తన్నేస్తుంది. గడ్డి, పిడకలతో కాల్చే మా ఆవంలో వేడి అంత దాకా వెళ్లేది కాదు, పలుకు రాయిగానే ఉండిపోయేది. నేను కొత్త బట్టీ, ఎక్కువ వేడి, గట్టి సరుకు అనుకుంటూ పాత మట్టిని కొత్త మంటలో వేశాను.

మర్నాడు ఆమె బస్సెక్కి వచ్చింది. నాలుగు రోజులు ఉంది. మిగిలిన మట్టిని పల్చగా కలిపించి, పాత నూలు చీర రెండు మడతలు వేసి డ్రమ్ముల మీద కట్టించి వడపోయించింది. అడుగున మిగిలిన పలుకులు చూస్తే రెండు దోసిళ్లు! చిక్కబడటానికి ఎండలో గోనెసంచుల మీద పరిచాం. వేడి కూడా తగ్గించి కాల్చాను. బట్టీ తెరిచాక ప్రమిదలు ఇంకా గోరువెచ్చగా ఉండగానే అన్నిటినీ నీళ్ల తొట్టిలో ముంచమంది. సన్న పలుకు ఏదైనా మిగిలినా, లోపలిదాకా ఒక్కసారే నీళ్లు పడితే మెత్తబడిపోతుందట. ఇటుకలకు ఇలా చేస్తారని నేను తర్వాత తెలుసుకున్నాను. నాలుగు వందల్లో పద్దెనిమిది పోయాయి, మిగిలినవి నిలబడ్డాయి.

నాలుగో రోజు రాత్రి, అత్త నా సారె పక్కన కూర్చుంది. "కూర్చుంటావా అత్తా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చేత్తో ఒకసారి తిప్పి, ఆగేదాకా చూసి, "వద్దులేమ్మా" అంది.

అప్పటి నుంచి నాకు ఒక నమ్మకం కుదిరింది. కుమ్మరుల మధ్య విద్య ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లింది పెళ్లిళ్ల వల్లే. మగవాడు పుట్టిన ఊళ్లో, ఒకే చెరువు మట్టితో బతుకంతా పని చేస్తాడు. అతనికి ఒకే మట్టి తెలుసు. ఆడపిల్ల పుట్టింటి మట్టి తొక్కి, అత్తింటికి వెళ్లి ఇంకో మట్టి తొక్కుతుంది. పోల్చి చూడటం ఆమెకే వస్తుంది. మా అత్త ఎర్రమట్టి ఊరికి కోడలిగా వెళ్లింది కాబట్టే మన మట్టిలో సున్నం ఉందని ఆమెకు తెలుసు. లేని చోటును చూసింది కనుక. అక్కడి వాళ్లకు ఊక కలపడం ఈమే నేర్పిందట. ఇది ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు.

"ఆంటీ, పాళ్లు రాసివ్వండి, చాలు" అంటారు నా దగ్గరికి వచ్చే పిల్లలు. పాళ్లు రాసిస్తే ఏమవుతుందో చైనా పింగాణీ కథ చెప్తుంది. జింగ్‌దెజెన్‌లో ఉన్న దాంత్రకోల్ అనే ఫ్రెంచి మత గురువు, క్రైస్తవంలోకి మారిన పనివాళ్లను అడిగి తెలుసుకుని, పింగాణీ ఎలా చేస్తారో 1712లో, మళ్లీ 1722లో ఉత్తరాలుగా రాసి పంపాడు. ప్రపంచమంతా వెంటపడిన విద్య అది. కాగితం మీదికి వచ్చేసింది. అయినా ఫ్రాన్స్ వాళ్లు అలాంటి గట్టి పింగాణీని సొంత మట్టితో చేయడానికి 1768 ప్రాంతంలో లిమోజ్ దగ్గర తెల్లమట్టి దొరికేదాకా ఆగాల్సి వచ్చింది. పాళ్లు తెలిసినా మట్టి తెలియకపోతే అంతే.

ఫోన్లో చూసే వీడియోలైతే మరీ ఘోరం. అర నిమిషంలో ముద్ద కుండ అవుతుంది, పాట వస్తుంది, అయిపోయింది. మట్టి ఎక్కడిది, ఎన్ని రోజులు ఆరింది, ఆవంలో ఎన్ని పగిలాయి, ఒక్క ముక్క ఉండదు. వాటిని చూసి ఒక అబ్బాయి రెండు రోజులు కూడా ఆరని కూజాను నా బట్టీలో పెట్టాడు. లోపలి తడి ఆవిరై అది పేలి, పక్కనున్న ఏడు సరుకులు పోయాయి. ఊళ్లల్లో కరెంటు సారెలు ఇస్తున్నారు, సంతోషమే, నడుం నొప్పి తగ్గుతుంది. కానీ చెరువు మట్టి మీద హక్కు లేకుండా సారె ఒక్కటే ఇస్తే దాని మీద ఏం తిప్పాలి?

మీరు అడిగిన దానికి వస్తాను. ఈసారి ఊరికి వెళ్లేటప్పుడు సారె తిప్పే వేళకు వెళ్లకండి. మట్టి తొక్కే రోజు వెళ్లండి, ప్యాంటు మడిచి గుంటలోకి దిగండి. "ఎలా చేస్తారు?" అని అడగకండి, ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. పగిలిన మీ కుండ ఒకటి తీసుకెళ్లి పెద్దామె చేతిలో పెట్టండి. అడుగు చీలిందా, అంచు చీలిందా, పెచ్చు లేచిందా, ఆమే తిప్పి చూస్తుంది. ఇక ఆపమన్నా ఆపదు. మొదటిసారి వెళ్లినప్పుడు వీడియో తీయకండి. వాళ్ల దగ్గర ఒక కుండ కొనండి, బేరం ఆడకండి.

నేను ఇప్పుడు వెళ్లిన ప్రతి ఊరి నుంచి గుప్పెడు మట్టి తెచ్చి గాజు సీసాల్లో పెడుతున్నాను. ఊరి పేరు, ఆ మట్టి గురించి అక్కడి ఆడవాళ్లు చెప్పిన మాట కాగితం మీద రాసి అంటిస్తున్నాను. పదకొండు అయ్యాయి. మీరు వాడుతున్న మట్టి ఎక్కడిదో రాయలేదు మీరు. ముందు నిమ్మకాయ పిండి చూడండి. నురుగు వస్తే రాయండి, అత్తను అడిగి చెప్తాను.