పేజెట్స్‌ జబ్బు: ఎక్స్‌-రే తీశాక బోన్‌ స్కాన్‌ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 66. ఏడాదిగా కుడి తుంటిలో నొప్పి. రక్తపరీక్షలో ఆల్కలైన్‌ ఫాస్ఫటేజ్‌ (ఎముక, కాలేయ జబ్బుల్లో పెరిగే ఎంజైమ్‌) 480 వచ్చింది, ఎక్కువేనన్నారు. కాలేయ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. ఎక్స్‌-రే చూసి పేజెట్స్‌ జబ్బు అన్నారు, బోన్‌ స్కాన్‌ కూడా చేయించుకోమంటున్నారు. క్యాన్సరేమోనని మా ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. ఈ స్కాన్‌ తప్పనిసరా?

జవాబు: చేయించుకోండి. జబ్బు ఏమిటో ఎక్స్‌-రే చెబుతుంది, ఎక్కడెక్కడ ఉందో స్కాన్‌ చెబుతుంది. పేజెట్స్‌లో పాత ఎముక కరగటం, కొత్తది ఏర్పడటం కొన్నిచోట్ల అదుపు తప్పి వేగంగా సాగుతాయి. అలా పుట్టిన ఎముక లావుగా ఉంటుంది గానీ గట్టిగా ఉండదు. మీ ఎక్స్‌-రేలో చూడాల్సింది ఇదే: ఎముక పైపొర మందంగా, లోపలి గీతలు ముతకగా ఉన్నాయా, ఎముక సైజు పెరిగిందా? ప్రోస్టేట్‌ క్యాన్సర్‌ పాకినా కటి ఎముక తెల్లగానే కనిపిస్తుంది, కానీ సాధారణంగా ఇలా లావెక్కదు. అందుకే ఈ తేడా స్పష్టంగా ఉంటే బయాప్సీ దాకా వెళ్లాల్సిన అవసరం అరుదు. సందేహం మిగిలితే పురుషులకు పీఎస్‌ఏ (ప్రోస్టేట్‌కు సంబంధించిన రక్తపరీక్ష) కూడా చూస్తారు.

స్కాన్‌కు పరగడుపున వెళ్లక్కర్లేదు. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందును నరంలోకి ఎక్కించి, 2 నుంచి 4 గంటలాగి చిత్రాలు తీస్తారు. ఆలోపు నీళ్లు బాగా తాగండి. చిత్రం తీసేముందు మూత్రానికి తప్పకుండా వెళ్లిరండి. మూత్రాశయంలో మందు నిలిస్తే దాని మచ్చ కటి ఎముకను కప్పేస్తుంది. మీకు చూడాల్సిన చోటు అదే మరి! రిపోర్టులో నల్లటి మచ్చలు (మందు ఎక్కువగా చేరిన చోట్లు) చాలా ఉన్నా కంగారుపడకండి. కీళ్లు అరిగినా, పాత ఫ్రాక్చర్‌ ఉన్నా అలాగే కనిపిస్తుంది. కొత్తగా మచ్చ తేలిన ప్రతి చోటా ఎక్స్‌-రే తీసి సరిచూసుకోవాలి. ఇంకోమాట, పేజెట్స్‌కు చికిత్సగా ఇచ్చే జోలెడ్రోనిక్‌ యాసిడ్‌ ఇంజెక్షన్‌కు ముందే స్కాన్‌ పూర్తిచేయండి. తర్వాతైతే మచ్చలు పలచబడి, జబ్బు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

ఎమ్మారై అందరికీ అక్కర్లేదు. నొప్పి ఉన్నట్టుండి తీవ్రమైనా, రాత్రిళ్లు నిద్రపట్టనీయకపోయినా, గడ్డ కనిపించినా, కాళ్లు బలహీనపడినా ఆలస్యం చేయకుండా తీయించాలి. పేజెట్స్‌ ఎముక క్యాన్సర్‌గా మారటం నూటికి ఒక్కరిలో కూడా ఉండదు. ఎమ్మారైలో మజ్జలోని కొవ్వు చెక్కుచెదరకుండా ఉంటే అది ధైర్యమిచ్చే సంగతి.

తుంటి కీలు అరిగిందేమో కూడా అదే ఎక్స్‌-రేలో చూపించుకోండి. నొప్పి అరుగుదలదైతే ఇంజెక్షన్‌తో తగ్గదు. ఎముక సాంద్రత పరీక్ష చేయించుకునేటట్టయితే జబ్బున్న వైపు చెప్పండి, అక్కడ సాంద్రత నిజానికన్నా ఎక్కువగా చూపిస్తుంది. చికిత్స తర్వాత స్కాన్‌ను మళ్లీ మళ్లీ తీయనక్కర్లేదు, 3 నుంచి 6 నెలలకు ఆల్కలైన్‌ ఫాస్ఫటేజ్‌ చూస్తే చాలు.