మూలకణాలా, రోగనిరోధక కణాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మూలకణాలూ (ఇతర రకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్), రోగనిరోధక కణాలూ రెండూ నాకు ఆసక్తి కలిగించే విషయాలే. పీహెచ్‌డీకి ఏదో ఒకటే ఎంచుకోవాలా? మా కళాశాలలో సెల్ కల్చర్ (కణాలను ప్రయోగశాలలో పెంచే) సౌకర్యం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఎంచుకోవలసిన అవసరం లేదు. రక్తంలోని రోగనిరోధక కణాలు దాదాపు అన్నిటికీ పుట్టిల్లు ఎముక మజ్జలోని రక్త మూలకణాలే; వాటిలో ఒక రకమైన టీ కణాలు కాబోయేవి మాత్రం అక్కడి నుంచి థైమస్ గ్రంథికి చేరి పరిణతి చెందుతాయి. మీకు దగ్గరి ఉదాహరణ వెల్లూరులో ఉంది. అక్కడి పరిశోధకులు తీవ్ర హీమోఫీలియా-ఏ (రక్తం సరిగా గడ్డకట్టని జన్యు వ్యాధి) ఉన్న ఐదుగురి సొంత రక్త మూలకణాలలో, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ఫ్యాక్టర్-8 జన్యువును చేర్చి తిరిగి ఎక్కించారు. ఆ ఫలితాలు 2024లో ప్రచురితమయ్యాయి. జన్యువును చేర్చింది మూలకణంలోనే అయినా, ఆ ప్రొటీన్‌ను తయారుచేసే పని దాని సంతతిలోని మోనోసైట్లకు, అంటే రోగనిరోధక కణాలకు అప్పగించారు. మీ రెండు ఆసక్తులూ ఒకే ప్రయోగంలో ఎలా కలుస్తాయో ఇంతకంటే బాగా చెప్పడం కష్టం.

పీహెచ్‌డీ ప్రవేశానికి ప్రధాన మార్గం సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్ అందుతుంది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం వారి బెట్ పరీక్ష మరో దారి. హైదరాబాద్ సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్, బెంగళూరు ఇన్‌స్టెమ్, ఢిల్లీ ఎన్ఐఐ మీరు చూడదగిన సంస్థలు.

అయితే పరీక్షకంటే నన్ను కలవరపెట్టేది మీ కళాశాలలో సెల్ కల్చర్ సౌకర్యం లేదన్న మాటే. సాయంత్రం గులాబీ రంగులో తేటగా వదిలి వెళ్లిన ఫ్లాస్కులోని, కణాలు పెరిగే ద్రవం ఉదయానికి పసుపుపచ్చగా, మబ్బుమబ్బుగా కనిపిస్తే బ్యాక్టీరియా చేరిందని గుర్తుపట్టడం, దాన్ని నిర్మొహమాటంగా పారేసి మొదటి నుంచి మొదలుపెట్టడం పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. అందుకే చివరి సెమిస్టర్ ప్రాజెక్టును సెల్ కల్చర్, ఫ్లో సైటోమెట్రీ (లేజర్ కాంతితో కణాలను ఒక్కొక్కటిగా లెక్కించి, గుర్తించే పద్ధతి) రెండూ ఉన్న ప్రయోగశాలలో చేయడానికి ప్రయత్నించండి. అది కుదరకపోతే, పీహెచ్‌డీకి ముందు ఒక ఏడాది ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా పనిచేయడం వృథా అని అనుకోవద్దు. వేల రూపాయలు తీసుకుని వారం రోజుల్లో ధ్రువపత్రం ఇచ్చే శిక్షణలకంటే అది ఎన్నో రెట్లు మేలు.

ఆచార్యులకు ఉత్తరం రాసేటప్పుడు ‘మీ పరిశోధన అంటే నాకు ఎంతో ఆసక్తి’ అన్న వాక్యం అందరూ రాస్తారు. వారి ఇటీవలి వ్యాసం ఒకటి పూర్తిగా చదివి, అందులో మీకు అర్థం కాని ఒక చిత్రం గురించి సూటిగా అడగండి.