జేబులో పట్టే బైనాక్యులర్స్ కొనే ముందు

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీర్వచనాలు.

నీ ఉత్తరం అందింది. ఈ ఏడాది వచ్చిన బోనస్‌తో మంచి బైనాక్యులర్స్, అదీ చేతిసంచిలో ఇమిడిపోయేంత చిన్నవి కొనుక్కోవాలనుకుంటున్నానని, 8×25 తీసుకోవాలా 10×25 తీసుకోవాలా చెప్పమని రాశావు. సంతోషం. ముప్పై ఏళ్ళుగా ఉప్పలపాడు చెరువు గట్టు మీద, కొల్లేటి ఒడ్డున, నేలపట్టు గూడబాతుల దగ్గర బైనాక్యులర్స్‌ను మెడలో వేసుకుని తిరిగినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంత వివరంగానే రాస్తున్నాను.

8×25 తీసుకో. ఆ రెండు అంకెల్లో మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది, అద్దం నుంచి నీ కంట్లోకి దిగే వెలుగు బిళ్ళ వెడల్పు. 8×25కు అది 3.1 మిల్లీమీటర్లు, 10×25కు 2.5 మాత్రమే. ఎండవేళ మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది కనుక వెలుతురు మాటకు రెండూ సరిపోతాయి. చిక్కు వేరేచోట ఉంది. బిళ్ళ ఎంత చిన్నదైతే కన్ను అంత కచ్చితంగా దాని ఎదుట నిలవాలి, కాస్త పక్కకు జరిగినా అంచున నల్లటి నీడ కమ్ముకుంటుంది. పైగా పదింతలు పెంచి చూపే అద్దం నీ చేతి వణుకును కూడా పదింతలు చేస్తుంది, ఇంత తేలికైన వస్తువుకు దాన్ని ఆపే బరువు ఉండదు. మొన్న పంట కాలువ తీగ మీద లకుముకి పిట్ట కూర్చుంటే, నా 8×25లో దాని ముక్కున పట్టిన చేప తోక కొట్టుకోవడం కూడా కనిపించింది. పక్కనున్న మిత్రుడు 10×25 పట్టుకుని పిట్టను అద్దంలోకి తెచ్చుకునేలోపే అది ఎగిరిపోయింది.

నువ్వు కళ్ళద్దాలు పెట్టుకుంటావు, అందుచేత నీకు అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఐ రిలీఫ్. చిత్రం మొత్తం కనబడాలంటే కన్ను, కంటివైపు ఉండే అద్దానికి ఎంత దూరంలో ఉండవచ్చో అది చెబుతుంది. నీలాంటివారికి కనీసం 15 మిల్లీమీటర్లు, వీలైతే 16 ఉండాలి. అంతకు తక్కువైతే, చుట్టూ కోసేసిన చిత్రాన్ని తాళంచెవి రంధ్రంలోంచి చూసినట్టు చూడాల్సివస్తుంది.

మేలురకం వాటిలో మూడింటిని చేత్తో పట్టుకుని చూడు. జైస్ విక్టరీ పాకెట్ 8×25లో వెయ్యి మీటర్ల దూరాన 130 మీటర్ల వెడల్పు కనబడుతుంది, ఈ పరిమాణంలో అది చాలా ఎక్కువ. బరువు 290 గ్రాములు. దాని కీలు మధ్యలో కాక ఒక పక్కకు ఉంటుంది, విప్పగానే కళ్ళ మధ్య దూరం త్వరగా కుదురుతుంది. స్వరోవ్‌స్కీ సీఎల్ పాకెట్ 8×25లో కనబడే వెడల్పు 119 మీటర్లే అయినా ఐ రిలీఫ్ 17 మిల్లీమీటర్లు, కళ్ళద్దాలవారికి అది పెద్ద ఊరట. లైకా అల్ట్రావిడ్ 8×20 అన్నిటికంటే చిన్నది, నిజంగా చొక్కా జేబులో పడుతుంది, కానీ దాని వెలుగు బిళ్ళ 2.5కు దిగిపోతుంది. ఈ రెండింటికీ రెండేసి కీళ్ళు ఉంటాయి కాబట్టి తీసిన ప్రతిసారీ రెండు పక్కలా సర్దుకోవాలి. నా మనసు జైస్ వైపు మొగ్గుతుంది, కానీ నీ ముక్కుకు, నీ కళ్ళద్దాలకు ఏది కుదిరితే అదే తీసుకో.

దుకాణంలో గోడ మీద బోర్డు చూసి సరిపెట్టుకోకు, అనుమతి అడిగి వీధిలోకి తీసుకువెళ్ళు. ముందుగా కుడికన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమకంటికి స్పష్టత తెచ్చుకో, తరువాత ఎడమకన్ను మూసి, రెండు కళ్ళ చూపు తేడాను సర్దే డయాప్టర్ రింగును తిప్పి కుడికంటికి సరిచేసుకో. ఆ రింగు చాలావాటికి కుడివైపే ఉంటుంది. ఆకాశం వెలుగులో కరెంటు తీగను చూస్తే దాని అంచున ఊదా, పచ్చ చారలు ఎంత ఉన్నాయో తెలుస్తుంది. దూరపు మేడ అంచును రెండు నిమిషాలు విడవకుండా చూడు. గీత రెండుగా చీలినా, కంటి వెనుక లాగినట్టనిపించినా రెండు గొట్టాలూ ఒకే చోటుకు చూడడం లేదన్నమాట. నేను ఒకసారి ఈ పరీక్ష చేయకుండా ఒక దుకాణంలో ఎక్కువ డబ్బు పోసి కొన్నాను. రెండు వారాల పాటు వచ్చిన తలనొప్పికి నా వయసే కారణమనుకున్నాను గానీ, తప్పు గొట్టాలదని ఆలస్యంగా తెలిసింది, అప్పటికి మార్చుకునే గడువు దాటింది. విదేశంలో ఉన్నవారి చేత తెప్పించుకునే ఆలోచన ఉంటే, గ్యారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే రాతపూర్వకంగా అడుగు.

ఇంకొక మాట నిజాయితీగా చెప్పాలి. సాయంత్రం పొద్దుగూకాక కొంగలు చెట్లకు చేరే వేళ, ఏ జేబు బైనాక్యులర్స్ అయినా చేతులెత్తేస్తుంది. 42 మిల్లీమీటర్ల అద్దం, 25 మిల్లీమీటర్ల అద్దం కంటే దాదాపు మూడు రెట్లు వెలుగు పోగుచేస్తుంది, ఎంత ఖరీదు పెట్టినా ఆ లోటు తీరదు. నువ్వు ఎక్కువగా చీకటివేళలే తిరుగుతానంటే 8×42 చూడు. ఉదయపు నడకకు, ప్రయాణాలకు అయితే చిన్నదే మేలు, ఎందుకంటే బరువైనదాన్ని ఇంట్లో వదిలేసి వెళతాం.

కొన్నాక మన కోస్తా ఉక్కలో దాన్ని తోలు సంచిలో బిగించి అల్మరాలో పెట్టకు, అద్దాల మీద బూజు పడుతుంది. తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచు. దుమ్మును మొదట ఊదే రబ్బరు బుడ్డితో పోగొట్టి, ఆపైనే మెత్తటి గుడ్డ వాడు. పైటచెంగుతో మాత్రం తుడవవద్దు.

జనవరిలో సెలవు పెట్టుకుని రా. ఉప్పలపాడు గట్టు మీద నీదీ నాదీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న