వీఐపీ టికెట్ కొంటే జనరల్‌లో నిలబెట్టారు: శ్రీకాకుళంలోనే కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. చిన్నప్పటి నుంచి నాకు ఎంతో ఇష్టమైన గాయకుడి ప్రోగ్రాం మొన్న డిసెంబరులో విశాఖపట్నంలో జరిగింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఒక యాప్‌లో రెండు వీఐపీ టికెట్లు కొన్నాడు. టికెట్ 7,500 రూపాయలు. బుకింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి ఒక్కోదానికి మరో 531 పడింది. స్టేజీ ముందు కుర్చీ, విడిగా గేటు, షో అయ్యాక గాయకుడితో ఫొటో అని యాప్‌లో రాశారు. తీరా వెళితే వీఐపీ గేటు మూసేసి, అందరినీ జనరల్ గేటులోంచి పంపారు. ముందు కుర్చీల్లో ఎవరెవరో పాస్‌ల మీద వచ్చి కూర్చున్నారు. మూడు గంటలు వెనక నిలబడే విన్నాం. ఫొటో సంగతి అడిగితే బౌన్సర్లు కసిరారు. ఇప్పుడు యాప్ వాళ్లు ఆర్గనైజర్‌ని అడగమంటున్నారు, ఆర్గనైజర్ యాప్‌ని అడగమంటున్నాడు. చివరికి వచ్చే ప్రోగ్రాంకి వాడుకోమని వెయ్యి రూపాయల కూపన్ పంపారు. టికెట్ షరతుల్లో ‘నో రీఫండ్’ అనీ, కేసులేవైనా ముంబై కోర్టుల్లోనే అనీ ఉంది. మాకు డబ్బు వెనక్కి వచ్చే దారి ఉందా? గాయకుడి మీద కూడా కేసు వేయాలని స్నేహితులు అంటున్నారు. నాకది ఇష్టం లేదు.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఆ కూపన్ వాడకండి. దాంతో వచ్చిన మెయిల్‌లో ‘ఈ విషయం ఇంతటితో ముగిసినట్టు’ అనే అర్థం వచ్చే వాక్యం ఉందేమో చూడండి. ఉంటే, ‘ఇది నాకు సమ్మతం కాదు, నా డబ్బు నాకు కావాలి’ అని రెండు వాక్యాల్లో జవాబు రాసి పంపండి. కూపన్ వాడేసిన మర్నాడు వాళ్ల లాయరు ‘సెటిల్ అయిపోయింది కదా’ అంటాడు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో బాధ ఎక్కువగా ఉంది, అది సహజం. కానీ ఇలాంటి కేసులు వినే వినియోగదారుల కమిషన్ ముందు బాధ కన్నా పోలిక ఎక్కువ పనిచేస్తుంది. వాళ్లు ఏం ఇస్తామన్నారు, ఏం ఇచ్చారు? పెళ్లికి పిలిచి మొదటి బంతిలో కూర్చోబెడతామని మాటిచ్చి, చివరి బంతిలో కూడా కాక గుమ్మం బయట విస్తరాకు చేతిలో పెడితే ఎలా ఉంటుందో మీ కేసు అలాంటిది. తేడా ఏమిటంటే పెళ్లిలో మనం డబ్బు కట్టలేదు, ఇక్కడ కట్టాం. డబ్బు తీసుకుని చెప్పిన సేవ చెప్పినట్టు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం–2019 ‘సేవా లోపం’ అంటుంది. సరిపడా కుర్చీలు లేవని తెలిసీ వీఐపీ టికెట్లు అమ్మితే అది సేవా లోపంతో ఆగదు, అనుచిత వ్యాపార విధానం కిందికి కూడా వస్తుంది.

ముంబై షరతు చూసి టెన్షన్ పడకండి. ఫిర్యాదు చేసే మనిషి నివసించే చోట గానీ, ఉద్యోగం చేసుకునే చోట గానీ జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చని ఆ చట్టంలోని 34వ సెక్షన్ చెబుతోంది. 1986 నాటి పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. అప్పట్లో ఎదుటివాడి ఆఫీసు ఉన్న చోటికో, సంగతి జరిగిన చోటికో మనమే పోవాల్సి వచ్చేది. ఇప్పుడు మీరు నరసన్నపేటలో బస్సెక్కి శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వస్తే చాలు, వాళ్లే ఇక్కడికి రావాలి. టికెట్ వెనక చిన్న అక్షరాల్లో ముంబై అని అచ్చు వేసుకున్నంత మాత్రాన పార్లమెంటు ఇచ్చిన హక్కు పోదు. ‘వివాదాలు ఆర్బిట్రేషన్‌లో (అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గర) తేల్చుకోవాలి’ అనే షరతు ఉన్నా అంతే. అలాంటి షరతు వినియోగదారుల ఫిర్యాదుకు అడ్డు కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

‘నో రీఫండ్’ గురించి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. మీకు వీలుకాక మీరే వెళ్లకపోతే ఆ షరతు చాలావరకు చెల్లుతుంది. మీరు వెళ్లారు, వాళ్లే ఇవ్వలేదు. తన తప్పుకు తానే రక్షణ రాసుకునే ఏకపక్ష షరతులకు వినియోగదారుడు కట్టుబడి ఉండక్కర్లేదని పయనీర్ అర్బన్ ల్యాండ్ కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అది ఫ్లాట్ల కేసు, అయినా సూత్రం ఇక్కడా పనికొస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ‘ఆ షరతునే రద్దు చేయండి’ అని అడిగితే ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌కి గానీ, జాతీయ కమిషన్‌కి గానీ ఉంది, జిల్లా కమిషన్‌కి లేదు. అందుకని షరతు జోలికి పోకండి. ‘సేవలో లోపం జరిగింది, డబ్బు ఇప్పించండి’ అని మాత్రమే అడగండి. కుర్రలాయర్లు ఆవేశపడి అన్నీ కలిపి అడిగేసి, ఆర్నెల్లు అధికార పరిధి మీదే వాదించుకోవడం చూస్తూనే ఉన్నాను.

ఎవరి మీద వేయాలి అంటే, యాప్ మీదా, ఆర్గనైజర్ మీదా, ఇద్దరి మీదా వేయండి. ‘మేం వేదిక మాత్రమే’ అని యాప్ అనడం మామూలే. కానీ బుకింగ్ ఫీజు తీసుకుంది వాళ్లు. సీట్ల మ్యాపు చూపించి, ఫొటో సంగతి రాసి, మీ చేత కొనిపించింది వాళ్ల పేజీ. ఆన్‌లైన్ వ్యాపారాలకు 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు యాప్‌లో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాట్‌లో మొరపెట్టుకోవడం మానేసి, ఆ అధికారి మెయిల్‌కే తేదీతో సహా రాయండి. జవాబు రాకపోతే అదీ మీకు సాక్ష్యమే. ఆర్గనైజర్ అసలు పేరు, చిరునామా దొరకలేదంటే యాప్‌నే అడగండి. అమ్మేవాళ్ల వివరాలు చూపించడం వాళ్ల బాధ్యత.

డబ్బు కట్టింది తమ్ముడు కదా, నేను వేయొచ్చా అనే సందేహం మీకు వచ్చే ఉంటుంది. వేయొచ్చు. కొన్నవాళ్ల సమ్మతితో ఆ సేవ పొందినవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. ఇద్దరూ కలిసి ఒకే ఫిర్యాదు వేసి, మొదటి పేరు మీది పెట్టండి. తమ్ముడు ఒక్కడే వేస్తే హైదరాబాద్ వ్యవహారం అవుతుంది, మీకు చేతికి అందదు. ఒకే ఇబ్బంది పడ్డ కొద్దిమంది కలిసి ఫిర్యాదు చేయొచ్చని 2021లో బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తమ్ముడి బ్యాంకు స్టేట్‌మెంటూ, ‘మా అక్కకీ నాకూ కొన్నాను’ అని అతని అఫిడవిట్టూ (ప్రమాణ పత్రం) జతచేస్తే ఆ ప్రశ్నకి చోటు ఉండదు. ఆ రోజు మీలాగే మోసపోయినవాళ్లు వాట్సాప్ గ్రూపు ఏదైనా పెట్టుకున్నా, నలభై మందితో ఒకే కేసుకి దిగొద్దు. అందరి తరఫునా వేయాలంటే కమిషన్ అనుమతి కావాలి, నోటీసులు ఇవ్వాలి, చివరికి సంతకానికి ఒకడు దొరకడు. ఎవరి ఊళ్లో వాళ్లు వేసుకోవడం మంచిది. వాళ్లలో ఇద్దరి అఫిడవిట్లు మాత్రం మీకు ఉపయోగపడతాయి.

సాక్ష్యాల విషయంలో ఆలస్యం చేయొద్దు. ఆ యాప్‌లో ప్రోగ్రాం పేజీ ఇంకా ఉంటే ఇవాళే తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వీఐపీ అంటే ఏమేం ఇస్తామన్నారో ఆ భాగం మరీ ముఖ్యం. ‘ఆర్టిస్ట్ వీలును బట్టి’ అనే మాట ఫొటో పక్కన ఉందేమో చూడండి. ఉంటే ఫొటో విషయంలో మీ కేసు బలహీనపడుతుంది. కుర్చీ, గేటు విషయంలో మాత్రం బలం తగ్గదు. వెనక నుంచి తీసిన ఫొటోలు, వీడియోలు ఫోన్‌లోంచి తీసేయకండి. స్క్రీన్‌షాట్లూ వీడియోలూ దాఖలు చేసేటప్పుడు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ రికార్డులకి ఇచ్చే ధ్రువీకరణ పత్రం జతచేస్తే ఎదుటివాళ్ల నోరు మూతపడుతుంది.

చాలామందికి తట్టని సాక్ష్యం ఇంకొకటి ఉంది. గేటు దగ్గర మీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారు కదా? ఏ గేటులో, ఎన్ని గంటలకి స్కాన్ అయిందో ఆ లెక్క వాళ్ల సిస్టంలో ఉంటుంది. వీఐపీ టికెట్ జనరల్ గేటులో స్కాన్ అయిందంటే ఇక వాదించడానికి ఏం మిగులుతుంది? ఆ రికార్డు, అమ్మిన వీఐపీ టికెట్ల సంఖ్య, వేసిన కుర్చీల సంఖ్య, ఇచ్చిన ఉచిత పాస్‌ల సంఖ్య దాఖలు చేయించాలని ఫిర్యాదుతో పాటే కమిషన్‌ని వేరే దరఖాస్తుతో కోరండి. నా అంచనా, ఈ దరఖాస్తు నోటీసు అందగానే రాజీ మాటలు మొదలవుతాయి.

ఎంత అడగాలి? టికెట్లు 15,000, ఫీజులూ పన్నూ 1,062, మొత్తం 16,062 రూపాయలు. ఇది మొదటి మాట. ఇక్కడ నిజం చెప్పాలి. మీరు పాటలైతే విన్నారు. అందుకని కమిషన్ పూర్తి డబ్బు కాకుండా, వీఐపీకీ జనరల్‌కీ తేడా మాత్రమే ఇవ్వొచ్చు. జనరల్ టికెట్ 1,500 అనుకుంటే ఆ తేడా ఒక్కొక్కరికి 6,000, ఇద్దరికీ 12,000. రెండూ అడగండి, పూర్తి డబ్బు ఇప్పించమనీ, కాకుంటే కనీసం తేడా అనీ. దాని మీద విశాఖలో ఉన్న లాడ్జి బిల్లు, ప్రయాణ ఖర్చు. మానసిక వేదనకి ఒక పాతిక వేలు, కేసు ఖర్చులకి పదివేలు అడిగితే సబబుగా ఉంటుంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు కాబట్టి పది లక్షలు అడిగేద్దామనుకునేవాళ్లు ఉంటారు. చూసేవాళ్లకి ఫిర్యాదు మీద నమ్మకం పోతుంది, అంతకు మించి ఏమీ రాదు.

కేసుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులో మాట్లాడొచ్చు. కొన్ని కంపెనీలు అక్కడే దిగొస్తాయి. రాకపోతే యాప్‌కీ, ఆర్గనైజర్‌కీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువు ఇవ్వండి. నోటీసు తప్పనిసరి కాదు, కానీ మంచిది, మీరే రాసుకోవచ్చు. తర్వాత ఫిర్యాదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు, లేదా శ్రీకాకుళం వచ్చి ఇవ్వొచ్చు. రెండేళ్ల గడువు ఉంది, అయినా అంతవరకు ఆగకండి. కమిషన్ పంపే నోటీసు అందాక వాళ్లు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, మహా అయితే మరో 15 రోజులు. 45 దాటితే కమిషన్‌కి కూడా గడువు పెంచే అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పెద్ద కంపెనీలు ఎక్కడో చిన్న ఊళ్లో కేసని పట్టించుకోక ఇక్కడే దెబ్బతింటాయి. తీర్పుకి మూడు నెలలని చట్టంలో ఉంది. ఆ మాట నేను మీకు ఇవ్వను. ఏడాది పట్టినా ఆశ్చర్యపోకండి.

లాయరుని పెట్టుకోవాలా? పదహారు వేల కోసం మాలాంటివాళ్లకి పదివేలు ఇవ్వడం ఎందుకు? మీరే వాదించుకోవచ్చు. సాయం కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరుని ఇస్తారు. ఫోన్ 15100.

పోలీసు కేసు అంటారేమో, ఇప్పుడే వద్దు. ఏర్పాట్లు సరిగా చేయకపోవడం మోసం కాదు. మొదటి నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వర్తిస్తుంది. పైన చెప్పిన లెక్కలు వచ్చి, ఐదొందల కుర్చీలకి రెండు వేల టికెట్లు అమ్మారని తేలితే అప్పుడు ఆలోచిద్దాం. ఈలోగా ఫేస్‌బుక్‌లో జరిగింది జరిగినట్టు రాయండి, ‘దొంగలు’ అనే మాట మాత్రం తీసేయండి.

గాయకుడి సంగతి. మీ ఇష్టం పక్కన పెట్టినా, ఆయన్ని ప్రతివాదిగా చేర్చాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. మీరు డబ్బు కట్టింది ఆయనకి కాదు, మీకు మాటిచ్చిందీ ఆయన కాదు. ఆర్గనైజర్‌తో ఆయనకి వేరే ఒప్పందం ఉంటుంది. 2023 సెప్టెంబరులో చెన్నైలో ఏఆర్ రెహమాన్ కచేరీకి టికెట్లున్నవాళ్లు చాలామంది లోపలికే పోలేకపోతే, టికెట్ కాపీలు పంపమని ఆయనే బహిరంగంగా రాశారు. అది ఆయన మంచితనం, చట్టం విధించిన బాధ్యత కాదు. పేరున్న మనిషిని చేరిస్తే పేపర్లో వార్త వస్తుంది, కేసు మాత్రం ఆయన లాయర్లు అడిగే వాయిదాలతో సాగుతుంది. మీరు ఆయన పాటలు వినుకోండి. ఆ రోజు చేతికి కట్టిన వీఐపీ బ్యాండ్ జ్ఞాపకంగా దాచుకున్నారేమో, అది మాత్రం ఫిర్యాదుతో పాటు పంపాల్సి వస్తుంది. ముందు ఫొటో తీసి పెట్టుకోండి.