మెట్ల కింది మెషిన్‌ని కూడా ప్లాన్‌లో గీయించండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఉద్యోగరీత్యా బెంగళూరు వచ్చిన మా మామగారు 1987లో బనశంకరిలో 30×40 సైటులో ఇల్లు కట్టారు. రెండేళ్ల క్రితం వీలునామా రాయకుండానే పోయారు. ఇంటి ఖాతా (కార్పొరేషన్‌లో ఆస్తి రికార్డు) ఇంకా ఆయన పేరునే ఉంది. ఇంట్లో మా అత్తగారు (74), మా ఆయన (54), నేను (48), ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ఉంటాం. ఆడబిడ్డ హైదరాబాద్‌లో ఉంటుంది. మా ఆయన నిరుడు వీఆర్‌ఎస్ తీసుకున్నారు. వడ్రంగం పనంటే ఆయనకు పిచ్చి. రోడ్డు వైపు ముందుగదిని వర్క్‌షాప్ చేస్తానంటున్నారు. అత్తగారు ఉండేది ఆ గదిలోనే. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని పూలమ్మితో, ఎదురింటావిడతో కన్నడంలో కబుర్లు చెబుతారు. ఆమెను మేడ మీదికి మార్చి, అక్కడే పూజగది, ఏసీ పెట్టిస్తారట. అమ్మాయికి బాల్కనీ గది. హాలుకూ ముందుగదికీ మధ్య గోడ కొట్టేసి, ఎర్ర నేల తీసి టైల్స్ వేయిస్తారట. వాస్తు ప్రకారం కూడదని అత్తగారు, వాస్తు ప్రకారమే మంచిదని మా ఆయన. నాకు చెప్పకుండా కాంట్రాక్టరుకి రెండు లక్షలు అడ్వాన్స్ ఇచ్చేశారు. మిగతా పద్దెనిమిది లక్షలకు నా జీతం మీద లోన్ తీసుకోమంటున్నారు. తల్లీకొడుకుల మధ్య నెల రోజులుగా మాటల్లేవు. ఇద్దరూ నాతోనే చెప్పుకుంటారు. ఆఫీసు నుంచి వస్తుంటే గేటు దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. నిద్ర పట్టని రాత్రుల్లో మెట్ల కింద కుట్టుమెషిన్ దగ్గర కాసేపు కూర్చుంటాను. నేను ఎవరి పక్షాన నిలబడాలి?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఓ కాగితం మీద మీ ఇల్లు గీసుకున్నాను. మేడ మీద అత్తగారు, ముందుగదిలో మీవారు, బాల్కనీ గదిలో అమ్మాయి. మీ పేరు ఎక్కడ రాయాలా అని చూస్తే పద్దెనిమిది లక్షల లోను, మెట్ల కింద చోటు మిగిలాయి. ఆ చోటు సంగతి చివర్లో మాట్లాడతాను. ముందు అంటుకుని ఉన్నవాటిని ఆర్పుదాం.

అత్తగారిని మేడ ఎక్కించే విషయంలో నేను ఆమె వైపే. వాస్తు సంగతి నన్నడక్కండి. మీ ఇంట్లో ఎవరి వాస్తు వాళ్లకు కావలసిన గదినే చూపిస్తోంది! నా భయం మెట్ల గురించి. ఆ వయసులో మోకాళ్లకు ఎక్కడం ఒక బాధ, దిగడం ఇంకా పెద్ద బాధ. మొదటి వారం రోజుకు నాలుగుసార్లు దిగుతారు. తర్వాత ఒకసారి. ఆ తర్వాత ఎవరైనా చుట్టాలొస్తేనే. కింద పూలమ్మి కేక వినబడుతుంది, మనిషి కనబడదు. ఏసీ పెట్టించినంత మాత్రాన ఆ లోటు తీరదు. తల్లికి ఖర్చు పెట్టాలని మీవారికి ఉంది కదా, అది మంచిదే. ఆ డబ్బు కింది బాత్రూంలో పెట్టమనండి. గడప తీసేయాలి. తలుపు మూడడుగుల వెడల్పుతో, బయటికి తెరుచుకునేలా ఉండాలి. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడిపోతే లోపలికి తెరిచే తలుపును తోయలేం. కమోడ్ పక్కన పట్టుకుని లేవడానికి గోడకు స్టీలు కడ్డీ, కింద తడిసినా జారని గరుకు టైల్స్ వేయించండి. ముందుగదిలో ఎర్ర నేలను మాత్రం ఆమె ఉన్నన్నాళ్లూ ముట్టుకోవద్దు. పగుళ్లుంటే పూడ్పించండి, చాలు.

ఇక ఆ గోడ. ఆ రోజుల్లో కట్టిన ఇళ్లలో చాలావాటికి పిల్లర్లుండవు, గోడలే శ్లాబును మోస్తాయి. టేపు పెట్టి మందం చూడండి. ప్లాస్టరుతో కలిపి పదంగుళాల దాకా ఉంటే అది తొమ్మిదంగుళాల గోడ, మేడ బరువు దాని మీదే ఉండవచ్చు. ఐదారంగుళాలే ఉంటే వట్టి అడ్డుగోడ కావచ్చు. ఏదైనా సరే, స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసి, సంతకం పెట్టి కాగితం ఇచ్చేదాకా సుత్తి పడనివ్వకండి. ‘ఏం కాదు మేడమ్, పైన బీమ్ వేసేద్దాం’ అని మేస్త్రి అంటాడు. అదే మాట రాసిమ్మంటే రాసివ్వడు.

మీవారి మీద మీకు కోపం ఉంది, న్యాయమే. కానీ రెండింటినీ ఒకే మూటలో కట్టకండి. వడ్రంగం తప్పు కాదు, మీకు చెప్పకుండా ఇచ్చిన రెండు లక్షలు తప్పు. ఇన్నేళ్లూ పొద్దున తొమ్మిదింటికి బయల్దేరిన మనిషికి ఇప్పుడు తొమ్మిదైతే వెళ్లడానికి చోటు లేదు. అందుకే ఇంట్లోనే ఒక చోటు కల్పించుకుంటున్నారు. ఆ చోటు అక్కర్లేదని నేననను. కాకపోతే కరెంటు రంపం పెట్టడానికి ముందుగది తగదు. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. కళ్లకు కనబడేంత రంపపు పొట్టును ఊడ్చేయవచ్చు, కనబడని ధూళి పక్క గదిలో అందరి ఊపిరిలోకీ పోతుంది. మోత సంగతి సరేసరి. ఇళ్లున్న ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన. రంపం మెషిన్ దగ్గర నిలబడితే అది 90 దాటుతుంది. ఎదురింటావిడ కబుర్లు ఫిర్యాదులుగా మారడానికి ఎంతో కాలం పట్టదు.

అందుకని ఆరు నెలలు పోర్టికోలో చేతి పనిముట్లతో చేయమనండి. చిత్రిక, ఉలి, చేతి రంపం, ఒక గట్టి బల్ల. కారు నాలుగు రోజులు ఎండలో ఉంటే కొంప మునగదు. ఆరు నెలల తర్వాత కూడా చెయ్యి ఆగకపోతే, మెషిన్ల కోసం ఫ్యాక్టరీలుండే పీణ్య వైపో కుంబళగోడు వైపో చిన్న షెడ్డు అద్దెకు చూసుకోవచ్చు. మొదటి పనిగా తల్లికి, కూర్చుని స్నానం చేయడానికి వీలుగా ఒక పీట చేయమనండి. ఎత్తు ఎంతుండాలో ఆమెనే అడిగి కొలుచుకోవాలి. మీరు కొలిచి చెప్పకండి.

ఇది పీట ఒక్కదానికే కాదు. ఇద్దరి మధ్య టపా మోసే పని ఈ రోజు నుంచి మానేయండి. ‘అమ్మకు చెప్పు’ అని ఆయనంటే, కాఫీ గ్లాసు ఆయన చేతికే ఇచ్చి ‘మీరే ఇచ్చి చెప్పిరండి’ అని ముందుగదిలోకి పంపండి. మొదటి రోజు గ్లాసు పెట్టేసి వచ్చేస్తారు. రానివ్వండి.

లోను విషయంలో మాత్రం నాది కచ్చితమైన మాట: ఇప్పుడు సంతకం పెట్టకండి. ఆ ఇల్లు మామగారి స్వార్జితమే అయితే, వీలునామా లేదు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అందులో అత్తగారికి, మీవారికి, మీ ఆడబిడ్డకు సమాన వాటాలుంటాయి. మీ పేరు లేదు. ఇంటిని తాకట్టు పెట్టి తీసుకునే లోనుకు ముగ్గురి సంతకాలూ కావాలి. జీతం మీద తీసుకునే పర్సనల్ లోనుకు మామూలుగా వడ్డీ ఎక్కువ. అప్పు మీది, గోడలు వాళ్లవి! ఒక వకీలును కలిసి ముందు ఖాతా సంగతి తేల్చుకోండి. మీ ఆడబిడ్డకు ప్లాన్ సంగతి పని మొదలుకాక ముందే ఫోన్ చేసి చెప్పాలి, అదీ మీవారే చెప్పాలి. గోడ పడగొట్టాక ఎవరి నోటో వింటే ఆమెతో కూడా మాటలు పోతాయి.

కాంట్రాక్టరు అడ్వాన్స్ తిరిగివ్వకపోవచ్చు. ఆ రెండు లక్షల్లోనే బాత్రూం పని ముందు చేసిమ్మని అడగండి. ఏ పనికి ఎంత, ఏ సామాను ఏ కంపెనీది అని పద్దు రాయించుకోండి. చెక్క పని ఉంటే ‘మంచి ప్లైవుడ్’ అన్న మాట ఒప్పుకోకండి. నీళ్లు తగిలే చోట ఐఎస్ 710 (నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న ప్లై అని రాయించండి. ఈ విషయంలో మీవారికే ఎక్కువ తెలుసు, ఆ బాధ్యత ఆయనకే ఇవ్వండి.

నిద్ర ఇంకో రెండు మూడు వారాలు ఇలాగే ఉంటే డాక్టరును కలవండి, వాయిదా వేయకండి.

ఇప్పుడు మెట్ల కింది చోటు. మీకంటూ ఏమీ అడక్కుండా, ఎవరి పక్షాన ఉండాలో అడిగారు. ప్లాన్ గీసే అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు ముందుగా మీ మెషిన్ గీయమనండి. మీ గదిలోనో హాలులోనో, పగటి వెలుతురు మీ ఎడమ చేతి వైపు నుంచి పడే కిటికీ పక్కన. మెషిన్‌కి, కుర్చీకి కలిపి నాలుగడుగులు. గుడ్డ పరిచి కత్తిరించడానికి ఆరడుగుల బల్ల. ఇస్త్రీపెట్టెకు విడిగా ఒక ప్లగ్ పాయింట్. ఆ బల్ల చేసిపెట్టడానికి ఇంట్లోనే వడ్రంగి ఉన్నాడు కదా. పీట అయ్యాక అడగండి.